పొగ ఎటు తిప్పాం?

ఆవకాయ పెట్టే రోజుల్లో ఇంట్లో స్లాబు పని పెట్టుకోవద్దని మా అత్తగారు ముందే చెప్పారు. "రెండూ ఒక్కసారే ఎక్కడ చూసుకుంటావమ్మాయ్?" అన్నారు. కానీ సెంట్రింగు మేస్త్రీకి ఖాళీ దొరికింది ఆ వారంలోనే, కాయ పక్వానికొచ్చిందీ ఆ వారంలోనే. మామిడితోటల మధ్య ఉన్న రెడ్డిగూడెంలో కాపురముంటూ కాయ మెత్తబడేదాకా ఆగితే నలుగురూ నవ్వరూ! దాంతో పోయిన వేసవిలో ఒకే రోజున వరండాలో మామిడి ముక్కలూ, పైన మేడ స్లాబూ.

పొద్దున ఆరున్నరకల్లా మిల్లర్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ముఠాలో ఒకతను హాండిలు పెట్టి నాలుగు తిప్పులు తిప్పేసరికి ఇంజను అందుకుంది. ముందు ఒక్కసారిగా నల్లటి పొగ కక్కి, తర్వాత డుగడుగమంటూ సర్దుకుంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు గమేళాలతో కంకరా ఇసకా ఎత్తి మిల్లర్‌లో పోస్తున్నారు. మగవాళ్ళు సిమెంటు బస్తాలు కోస్తున్నారు. నేను లోపలా బయటా తిరుగుతూ ఒక కన్ను పని మీదా, ఒక కన్ను ముక్కల మీదా వేసి ఉంచాను.

గంట గడిచిందో లేదో, ముక్కలు ఆరబోసిన తెల్ల పంచె మీద నల్లటి నలుసులు కనిపించాయి. వేలితో తుడిస్తే జిడ్డుగా సాగింది. వంటింటి మసి కాదది, డీజిల్ మసి. నాకు ఒళ్ళు మండింది. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినే పచ్చడాయె! గబగబా బయటికెళ్ళి, "మేస్త్రీ గారూ, ఆ పొగంతా మా ముక్కల మీదకొస్తోంది. కాస్త మిల్లర్ని అటు తిప్పించండి" అన్నాను.

మేస్త్రీ మంచివాడు. ఇంకా పని మొదట్లోనే ఉంది కాబట్టి, నలుగురు మనుషుల్ని పట్టి, చక్రాల మీద దాన్ని వేపచెట్టు వైపుకి తిప్పించాడు. పొగ అటు మళ్ళింది. పంచె మార్చి, ముక్కలు మళ్ళీ తుడిచి ఆరబోసి, హమ్మయ్య అనుకున్నాను.

తొమ్మిదింటికి అందరికీ మజ్జిగ ఇద్దామని వెళితే అప్పుడు చూశాను. ఆ వేపచెట్టు కొమ్మకి పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంది. అందులో ఏడెనిమిది నెలల పిల్లాడు. సైలెన్సర్ సరిగ్గా ఆ ఎత్తులోనే, నాలుగైదు బారల దూరంలో, వాడి వైపే ఊదుతోంది.

"అయ్యో, పిల్లాణ్ణి ఇక్కడ పడుకోబెట్టావేమిటమ్మా?" అన్నాను, కంకర మోస్తున్న తల్లితో.

"వాడికేం కాదమ్మగారూ! ఇంజను చప్పుడుకి హాయిగా నిద్రపోతాడు. ఆగిపోతేనే లేస్తాడు" అంది నవ్వుతూ. అంటూనే వచ్చి, కొంగు చివరతో వాడి ముక్కు తుడిచింది. ఆ కొంగు చివర నల్లగా అయింది.

పొద్దున నేను పంచె మీద చూసి ఒళ్ళు మండించుకున్న మసి అదే.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చెప్పుకోవాలి. పొగను ఆ పిల్లాడి వైపు తిప్పించింది నేనే. నాకు ఉయ్యాల కనిపించలేదని సర్దిచెప్పుకోవచ్చు. కనిపించకపోవడం నిజమే. ముక్కలు కనిపించాయి, ఉయ్యాల కనిపించలేదు! అసలు గొడవంతా అక్కడే ఉందనిపించింది.

మనం పొగ సంగతి తెలియనివాళ్ళమా? మన అమ్మలూ అమ్మమ్మలూ కట్టెల పొయ్యి దగ్గర కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. ఊదుగొట్టంతో ఊది ఊది ఆయాసం తెచ్చుకున్నవాళ్ళు. ఆ బాధ చూసే కదా 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద పేదింటి ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు! 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చింది. వంటింటి పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందని ఇవాళ ఎవరూ కాదనరు. మరి ఇంట్లో గ్యాసు పొయ్యి వెలిగించి అన్నం వండుకుని, పొద్దున్నే పనికొచ్చి, సాయంత్రం దాకా ఇంజను పొగలో నిలబడే ఆడమనిషి మాటేమిటి? వంటింట్లో తప్పించుకున్న పొగ వీధిలో ఎదురైతే అది పొగ కాకుండా పోతుందా?

కట్టెల పొయ్యితో పోల్చి చూస్తే డీజిల్ పొగ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పచ్చికట్టె పెట్టి, గాలి ఆడకుండా కుక్కితే పొయ్యి ఎలా పొగ చిమ్ముతుంది? డీజిల్ ఇంజనూ అంతే. లోపల గాలిని బాగా నొక్కి వేడెక్కించి, ఆ వేడిలోకి డీజిల్‌ని తుంపరగా చిమ్ముతారు. తుంపరలో గాలి సరిగా అందని చోట డీజిల్ పూర్తిగా మండక మసిగా మారుతుంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోయినా, నాజిల్ అరిగినా, మోయలేనంత బరువు వేసినా మసి ఎక్కువవుతుంది. ఇసక, సిమెంటు దుమ్ములో రోజంతా తిరిగే మిల్లర్ ఇంజనుకి ఫిల్టరు పూడకుండా ఎలా ఉంటుంది?

పంచె మీద మనకు కనిపించేది పెద్ద నలుసు. అసలు ప్రమాదం కంటికి కనిపించని వాటితో. డీజిల్ మసి కణాల్లో చాలా భాగం ఒక మైక్రాను కంటే చిన్నవి. మన తల వెంట్రుక మందంలో డెబ్భయ్యో వంతు కూడా ఉండవు. పెద్ద నలుసుని ముక్కు ఆపుతుంది, తుమ్ముతో బయటికి తోసేస్తుంది. ఇవి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోతాయి. దిగేటప్పుడు తమ ఒంటికి అంటుకున్న రకరకాల విష రసాయనాల్నీ వెంట తీసుకెళతాయి. వీటితోపాటు కళ్ళు మండించే నైట్రోజన్ ఆక్సైడులూ, బెంజీనూ, ఫార్మాల్డిహైడూ ఉంటాయి. ఆ రోజుకి కళ్ళ మంట, దగ్గు, తలనొప్పి, వికారం. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం. ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చేది మరొకటి ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకి అనుబంధంగా ఫ్రాన్సులోని లియాన్ నగరంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. ఏ వస్తువు క్యాన్సర్ తెస్తుంది, ఏది తేదు అని తేల్చి చెప్పేది అదే. డీజిల్ పొగ 'బహుశా' క్యాన్సర్ కారకం కావచ్చని 1988లో అంది. 24 ఏళ్ళ తర్వాత, 2012 జూన్ 12న, ఆ 'బహుశా'ని తీసేసింది. మనుషులకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని నిర్ధారించి, పొగాకు పొగా, ఆస్బెస్టాసూ ఉన్న మొదటి వర్గంలోనే దీన్నీ చేర్చింది. ఒకే వర్గంలో ఉన్నాయంటే అన్నీ సమానంగా చంపుతాయని కాదు. క్యాన్సర్ తెస్తుందన్న సంగతిలో సందేహం లేదని అర్థం.

ఆ మాట అంత గట్టిగా చెప్పడానికి ముఖ్యమైన ఆధారం అమెరికా గని కార్మికుల మీద జరిగిన అధ్యయనం. ఎనిమిది గనుల్లో పనిచేసిన 12 వేల మందికి పైగా కార్మికుల వివరాలు ఏళ్ళ తరబడి సేకరించి, 2012 మార్చిలో ప్రచురించారు. భూగర్భంలో డీజిల్ పొగ బాగా ఎక్కువగా పీల్చినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు, తక్కువ పీల్చినవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నాయని తేలింది.

ఆ లెక్క తేల్చడానికి వాళ్ళకి గని రికార్డులున్నాయి. ఎవరు ఏ సంవత్సరం ఎక్కడ పనిచేశారో కాగితం మీద ఉంది. మరి మా స్లాబు వేసిన ముఠాకి? ఇవాళ రెడ్డిగూడెం, రేపు మైలవరం, ఎల్లుండి విస్సన్నపేట, ఆ తర్వాత బెజవాడ. ఎక్కడా హాజరు పట్టీ ఉండదు. ఇలాంటి జబ్బు బయటపడేది ఇరవయ్యేళ్ళకో ముప్ఫయ్యేళ్ళకో. అప్పటికి ఆ దగ్గుకి కారణం ఏ స్లాబో, ఏ మిల్లరో ఎవరు చెప్పగలరు? ఊపిరితిత్తులు పాడయ్యాయంటే, "చుట్ట తాగేదేమో" అని ఒక మాట అనేసి ఊరుకుంటాం.

బస్సుల పొగ గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఢిల్లీ బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చమని సుప్రీంకోర్టు 1998లోనే ఆదేశించింది. రోడ్డు మీద తిరిగే కొత్త వాహనాలకి 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాయి. డీజిల్‌లో గంధకం మిలియన్‌కి 50 పాళ్ళ నుంచి 10 పాళ్ళకి తగ్గింది. కొత్త జనరేటర్లకి 2023 జులైలోనూ, పొక్లెయినూ జేసీబీ లాంటి కొత్త యంత్రాలకి 2025 జనవరిలోనూ కఠినమైన నిబంధనలు వచ్చాయి. సంతోషమే. కానీ ఇవన్నీ కొత్తగా తయారయ్యే వాటికి. చేతులు మారుతూ, అద్దెలకి తిరుగుతూ, పదేళ్ళ క్రితం ఇంజనుతో మన వీధిలోకొచ్చే మిల్లర్‌ని అవి తాకవు. బస్సు పొగ అందరి ముక్కుకీ తగులుతుంది కాబట్టి కోర్టు దాకా వెళ్ళింది. మిల్లర్ పొగ కూలివాళ్ళ ముక్కుకే తగులుతుంది కాబట్టి వీధి దాటలేదు.

"చట్టాలు లేవా?" అని మీరడగొచ్చు. ఉన్నాయి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ప్రత్యేకంగా చట్టం చేశారు. 1998 నాటి కేంద్ర నిబంధనల్లో, గాలి ఆడని చోట ఇంజను పొగ వదిలితే కార్బన్ మోనాక్సైడు మిలియన్‌కి 50 పాళ్ళు మించకుండా చూడాలని రాశారు. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట చిన్నపిల్లల్ని ఉంచడానికి గది ఉండాలని ఆ చట్టంలోనే ఉండేది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి.

అయితే ఒక సంగతి గమనించండి. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల రూపాయల లోపు ఖర్చుదైతే ఆ 1996 చట్టం పరిధిలోకి వచ్చేది కాదు. సామాజిక భద్రతా కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలైంది. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న పని కూడా బయటే. అంటే మా మేడ స్లాబు, మీ పక్కింటి స్లాబు, మన ఊళ్ళలో లేచే ఇళ్ళలో చాలా భాగం ఆ లెక్కలోకే రావు. యాభైమందికి పైగా ఒకచోట ఉంటే పిల్లలకో గది. ఐదుగురే ఉంటే వేపచెట్టు.

ఐరోపా దేశాల్లో పనిచేసే చోట గాలిలో డీజిల్ మసికి ఒక హద్దు పెట్టారు. ఘనపు మీటరు గాలిలో మసి రూపంలోని కార్బన్ 50 మైక్రోగ్రాములు దాటకూడదన్న ఆ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన వీధిలో మైక్రోగ్రాములు కొలిచేదెవరు? కొలవడానికి మనిషి రాడు, పనిముట్టు రాదు. చట్టం చెయ్యి చాపినా మన గేటు దాకా రాదు. కానీ గేటు లోపల మనం ఉన్నాం కదా! ఇంజను ఎక్కడ పెట్టాలో చెప్పే అధికారం మనకుంది. నేను ఒక్క మాట అనగానే మేస్త్రీ మిల్లర్ తిప్పించాడా లేదా? పచ్చడి కోసం వాడిన ఆ అధికారాన్నే మనిషి కోసమూ వాడొచ్చు.

ఆ రోజు ఏం చేశానో చెప్పి, అదేదో గొప్ప అనిపించుకోవాలని కాదు. ముందు ఉయ్యాల విప్పించి, మామిడి ముక్కల్ని లోపలి గదిలోకి మార్చి, వరండాలో ఫ్యాను కింద కట్టించాను. మా అత్తగారు ఒక్క మాటా అనలేదు, తనే కూర్చుని ఉయ్యాల ఊపారు. పిల్లాడి సంగతి తీరింది. పెద్దవాళ్ళ సంగతి?

మేస్త్రీనడిగితే, "ఎటు తిప్పినా ఎవరో ఒకరి మీదకి పోవాల్సిందేనమ్మా. స్లాబు మధ్యలో ఆపితే అతుకు పడుద్ది. రేపు కారితే మీరే నన్నంటారు" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. స్లాబు మొదలుపెట్టాక ఆపకూడదు. ఇంజను ఆగదు, మనుషులూ పొగలోంచి కదలరు. అందుకే స్లాబు రోజు పొగ మామూలు రోజు పొగ కంటే అన్యాయం.

"గాలి పడమటి నుంచి కొడుతోంది కదా, తూర్పున ఖాళీ స్థలం వైపు సైలెన్సర్ పెడితే?" అన్నాను.

"పెట్టొచ్చు. కంకర పోగు దూరమవుద్ది. మోసేవాళ్ళకి పది అడుగులు ఎక్కువ. ఇంకో ఇద్దరు కావాలి."

ఇద్దరి కూలి! మా ఇంటాయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. స్లాబు భోజనాలకి లెక్క చూసుకోలేదు, సెంట్రింగుకి అదనంగా అడిగితే గొణుక్కుంటూ ఇచ్చాం. ఇక్కడ మాత్రం లెక్క గుర్తొచ్చింది. ఇచ్చాం. టిఫిన్ల వేళ మిల్లర్ తిరిగింది. పొగ ఖాళీ స్థలం మీదుగా పోయింది. పొగ పూర్తిగా పోలేదు, గాలి తిరిగినప్పుడల్లా మొహాన కొడుతూనే ఉంది. కానీ పొద్దుటి నుంచి కొంగు మూతికి కట్టుకున్న ఆ పిల్ల, మధ్యాహ్నం కొంగు తీసేసింది. నాకంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

కొంగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మూతికి గుడ్డ కట్టుకుంటే సిమెంటు దుమ్ము కొంత ఆగుతుందేమో గానీ డీజిల్ మసి ఆగదు. కరోనా రోజుల్లో మనకు అలవాటైన ఎన్95 మాస్కు ఆ సన్నటి కణాల్ని చాలావరకు ఆపుతుంది, వాయువుల్ని అదీ ఆపలేదు. పైగా మే నెల ఎండలో గమేళా నెత్తిన పెట్టుకుని రోజంతా మాస్కు పెట్టుకోమనడం చెప్పినంత సులువు కాదు. ముందు పొగని మనిషికి దూరం చెయ్యాలి. మాస్కు ఆ తర్వాతి మాట.

మరి ఇల్లు కట్టించుకునే వాళ్ళం మనం చెయ్యగలిగినవేమిటి? మూడు ఫేజుల కరెంటు ఉన్నచోట మోటారుతో నడిచే మిల్లర్ దొరుకుతుందేమో ముందే వాకబు చెయ్యొచ్చు. కరెంటు మోటారుకి అక్కడ పొగే ఉండదు. డీజిల్‌దే తెస్తే, పనికి ముందురోజే ఫిల్టరు శుభ్రం చేయించమని మేస్త్రీకి చెప్పొచ్చు. నల్లగా కక్కే ఇంజను డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది, కాబట్టి అతనికీ లాభమే. గాలివాటం చూసి ఇంజను చోటు ముందే అనుకుంటే, కంకర పోగు కూడా దానికి తగ్గట్టే వేయించుకోవచ్చు. నాకు పడిన ఇద్దరి కూలీ మీకు పడదు. టిఫిన్లప్పుడూ భోజనాలప్పుడూ ఉత్తినే తిరిగే జనరేటరూ, వైబ్రేటరూ ఆపించాలి. ఇంజను పక్కన నిలబడేవాళ్ళని గంటకోసారి మార్పించాలి. పసిపిల్లలుంటే వరండాలో చోటివ్వాలి. ఇక పునాది గోతుల్లో, సెల్లారుల్లో, బావుల్లో నీళ్ళు తోడటానికి ఇంజనుని లోపలికి దింపడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. అక్కడ కార్బన్ మోనాక్సైడు వాసనైనా తెలియకుండా నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

ఇంకొక్కటి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ళ లోపు వాళ్ళెవరైనా కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్రసూతి సాయం, ప్రమాద సాయం లాంటివి దాని ద్వారానే అందుతాయి. ఆ పిల్లనడిగితే, "మా ఆయన కార్డుందమ్మగారూ, నాకు లేదు" అంది. పక్కపక్కనే నిలబడి అదే పొగ పీల్చినా, కాగితం మీద పనివాడు ఆయనే! మజ్జిగ గ్లాసు అందిస్తూ ఈ సంగతి చెప్పడానికి మనకు పట్టేది రెండు నిమిషాలు.

సాయంత్రం స్లాబు అయిపోయింది. ఇంజను ఆపగానే, వాళ్ళమ్మ చెప్పినట్టే పిల్లాడు లేచి ఏడుపందుకున్నాడు. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, చేతులు కడుక్కుని వాణ్ణెత్తుకుంది. వెళ్ళేటప్పుడు మా అత్తగారు ఆమెకి కొన్ని మామిడి కాయలిచ్చి పంపారు.

మా ఆవకాయ బాగానే కుదిరింది. జాడీ మూత తీసినప్పుడల్లా నాకు ఆ నల్లటి కొంగు చివర గుర్తొస్తుంది. ముక్కలకి మసి అంటకుండా కాపాడుకోవడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ చూపే ఇంకో నాలుగడుగులు ముందుకు సాగితే చాలు. రేపు మీ ఇంట్లో స్లాబు వేసే రోజున, కొబ్బరికాయ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, సైలెన్సర్ ఎటు తిరిగి ఉందో, అటు ఎవరున్నారో చూడండి.